హాఫ్‌టైమ్ వలస

పాత స్టేడియాన్ని పడగొట్టడం ఖాయమని తేలాక అభిమానుల సంఘం వాళ్ళకి ఉన్నట్టుండి జ్ఞాపకాలు పొంగుకొచ్చాయి. అది నిలబడి ఉన్నన్నాళ్ళూ దాన్ని తిట్టనివాడు లేడు. కప్పు కారుతుందనీ, బెంచీల మేకులు ప్యాంట్లు చింపుతాయనీ, మరుగుదొడ్ల వైపు నుంచి గాలి వీస్తే గోల్‌కీపరు కూడా ముక్కు మూసుకుంటాడనీ చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఊరవతల కొత్తది కట్టి, పాతదాని చుట్టూ రేకులు పాతేసరికి అందరి గుండెలూ కరిగిపోయాయి. జ్ఞాపకాలన్నీ పుస్తకంగా వేద్దామన్నారు. "మీకు గుర్తున్నది ఒక పేజీ రాసి పంపండి" అని బస్సుల్లో కాగితాలు అంటించారు. రెండు నెలల్లో నూట నలభై ఉత్తరాలు వచ్చిపడ్డాయి.

వాటిని టైపు చేసే పని ఆమె నెత్తిన పడింది. ఆమె కోర్టులో నకళ్ళ విభాగంలో ముప్ఫై ఏళ్ళుగా టైపిస్టు. అక్కడ నియమం ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు దించాలి. సాక్షి తడబడితే ఆ తడబాటు కూడా కాగితం మీద ఉండాలి. కొత్తగా చేరిన పిల్లలెవరైనా జాలిపడి వాక్యం సరిదిద్దితే ఆమె ఊరుకునేది కాదు. "ఆయన నోట్లో మాట మార్చడానికి నువ్వెవరమ్మా? ఆయనేమన్నా నీ మొగుడా?" అని చీవాట్లు పెట్టేది.

సంఘం కార్యదర్శి బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. డెబ్భైకి దగ్గర పడినా అందరికీ ఇంకా డ్రైవరుగారే. ఒక ఆదివారం పొద్దున రెండు చెప్పుల డబ్బాల నిండా ఉత్తరాలు తెచ్చి ఆమె వంటగది బల్ల మీద పెట్టాడు.

"చెల్లెమ్మా, ముందే చెబుతున్నా, కొన్ని కోడిగీతలున్నాయి. సెలూన్‌వాడిదైతే చదవడానికి వాడినే పిలవాలి. కత్తెరతో రాసినట్టుంది."

"ఆయన మీద మీకెందుకంత కోపం అన్నయ్యగారూ?"

"చూడు, నా నెత్తి మీద ఏమన్నా మిగిల్చాడా?" నవ్వుతూ టీ గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాక ఆమెను కాకుండా గోడను చూస్తూ అన్నాడు. "కమిటీలో కుర్రాళ్ళు మొదటి పేజీకి బావగారిదే కావాలంటున్నారు. కొత్త స్టేడియంలో రాతి పలక మీద కూడా అదే చెక్కిస్తారట. నేనైతే ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దన్నాను. రాయనంటే వదిలెయ్యండమ్మా. ఏం పర్వాలేదు."

"ఎందుకు రాయరు? రాస్తారు" అందామె. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

ఆమె భర్త కథ ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ చూసేవాళ్ళందరికీ తెలుసు. ముప్ఫై నాలుగేళ్ళ కిందట, ఒక శనివారం మ్యాచ్‌లో, హాఫ్‌టైమ్ అప్పుడు, స్టాండు కింది ఇరుకుదారిలో తొక్కిసలాట జరిగి పదకొండు మంది పోయారు. అందులో ఆమె తమ్ముడొకడు. పంతొమ్మిదేళ్ళవాడు. వాణ్ణి మ్యాచ్‌కి తీసుకెళ్ళింది పక్కింట్లో ఉండే మోటారు వైండింగ్ కుర్రాడు. "జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకురా బాబూ" అని అమ్మ గుమ్మంలో నిలబడి మరీ అప్పగించింది. ఆ కుర్రాడొక్కడే తిరిగొచ్చాడు. ఆసుపత్రి వరండాలో అమ్మ అతని చొక్కా గుప్పిట పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఒంటరిగా పోయాడా నాయనా?"

"లేదమ్మా. నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. చివరిదాకా వదల్లేదు."

ఆ మాట మీద అమ్మ బతికింది. ఆ మాట మీదే అతనితో ఆమె పెళ్ళి కూడా జరిగింది. చచ్చిపోతున్న తమ్ముడి చెయ్యి వదలనివాడు బతికున్న భార్య చెయ్యి వదులుతాడా అనుకుంది ఇరవై ఏళ్ళ పిల్ల. అతను వదల్లేదు కూడా. తాగుడు లేదు, గొంతెత్తి అరవడం లేదు. పిల్లలు కలగనందుకు ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. అత్తగారిని తన ఇంటికే తెచ్చుకున్నాడు. ఎనభై మూడేళ్ళొచ్చి, చూపు పూర్తిగా పోయి మంచానికి అంటుకుపోయిన ఆవిణ్ణి పొద్దునా సాయంత్రం తనే లేపి కూర్చోబెడతాడు. అప్పుడావిడ అతని కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడుముకుంటుంది. కొడుకు చివరిసారి పట్టుకున్న చెయ్యి అది. రాగితీగ కోసిన గాట్లతో మొరటుగా ఉండే ఆ చెయ్యి, ఆవిడ తనంతట తను వదిలేదాకా కదలదు.

ఏటా ఆ తేదీన సంఘం వాళ్ళు పాత స్టేడియం గేటు దగ్గర చేరేవాళ్ళు. అతను నాలుగు మాటలు చెప్పేవాడు. మొదట్లో "దారిలో నడుస్తున్నాం, వాడు నా చెయ్యి పట్టుకున్నాడు" అనేవాడు, అంతే. పోనుపోను అందులోకి గోడ వచ్చింది, గోడ మీది చెమ్మ వచ్చింది, తమ్ముడి కాలి బూటు ఒకటి ఊడిపోవడం వచ్చింది. పదేళ్ళ కిందట చివరి మాట కూడా వచ్చింది. "మనమే గెలుస్తాం కదన్నా" అన్నాట్ట. గుర్తు రావడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే ఎంత లోతున దాచుకున్నాడో పాపం అని ఆమె ఆ వేళ చాటుగా ఏడ్చింది.

ఆ ఆదివారం సాయంత్రమే అతను తన పేజీ రాసిచ్చాడు. అది చివర టైపు చేద్దామని, నలగకుండా బీరువాలో చీరల కింద పెట్టుకుంది.

కోర్టు నుంచి వచ్చి, వంట ముగించి, అమ్మ మంచం పక్కన కంప్యూటరు పెట్టుకుని రోజుకి పది ఉత్తరాలు చేసేది. టైపు చేసినదాన్ని అసలుతో సరిచూడటానికి పైకి చదవడం అలవాటు. అమ్మ వినేది. విని నవ్వేది కూడా.

సెలూన్ ఆయన రాశాడు, బంతి నదిలో పడినప్పుడల్లా పడవేసుకుని తెచ్చే మనిషి ఒకడుండేవాడట. ఓడిపోతున్న రోజున వాడు కావాలని నెమ్మదిగా తెడ్డు వేసేవాడట. ఒక గుమాస్తా రాశాడు, పక్కనున్నావిడ గోలు పడిందని సంతోషం పట్టలేక అతని చెవి కొరికిందట. "ఇప్పటికీ కొరుకుతూనే ఉంది, ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం" అని ముగించాడు. ఒక నర్సు, తనకి ఆరేళ్ళున్నప్పుడు తండ్రి భుజాల మీద నుంచి చూస్తే ఆట కాదు, వేల కొద్దీ బట్టతలలు కనిపించేవని రాసింది.

"డ్రైవరుది కూడా కనిపించి ఉంటుంది" అంది అమ్మ.

సగం ఉత్తరాల్లో వలస మాట ఉంది. ఆ స్టేడియానికి ఒక చివర నది, ఇంకో చివర సబ్బు ఫ్యాక్టరీ. మనవాళ్ళు మొదటి సగం నది వైపు గోలు మీదికి ఆడతారు, రెండో సగం సబ్బు వైపు. తాతల నాటి ఆనవాయితీ. అవతలి కెప్టెన్లు కూడా కాదనేవాళ్ళు కాదు. మనవాళ్ళు గోలు వేసే చోట నిలబడకపోతే అభిమానులకి తిన్నది అరగదు. అందుకని హాఫ్‌టైమ్ కాగానే నది వైపున్న నాలుగు వేల మందీ స్టాండు కింది దారి గుండా సబ్బు వైపుకి నడిచేవాళ్ళు. పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్ళ జబ్బ పట్టుకుని, పాటలు పాడుకుంటూ. దాన్నే వలస అనేవాళ్ళు. పక్షులు కూడా అంత క్రమంగా పోవని ఒకాయన మురిసిపోయాడు.

నాలుగోరోజు నర్సు ఉత్తరంలో రెండో కాగితం టైపు చేస్తుంటే ఆమె వేళ్ళు ఒకచోట ఆగాయి.

"ఆ శనివారం అవతలి కెప్టెన్ టాస్ గెలిచి, మనల్ని ఏడిపించడానికే వైపు మార్చాడు. మనవాళ్ళు మొదటి సగమే సబ్బు వైపు ఆడాల్సి వచ్చింది. మేమంతా వాణ్ణి తిట్టుకుంటూ మొదటే సబ్బు వైపు వెళ్ళి నిలబడ్డాం. అందుకే వలస ఆ రోజు తిరగబడింది. సబ్బు వైపు నుంచి నది వైపు నడిచాం."

పొరబడింది పాపం, చిన్నపిల్ల కదా అనుకుంది ఆమె. ఉన్నది ఉన్నట్టు దించింది. మర్నాడు, కోడిగీతలు అర్థంకాక పక్కన పెట్టిన సెలూన్ ఆయన ఉత్తరం వెనక పేజీ తీస్తే అందులోనూ అదే ఉంది. ఆ తర్వాత స్టేడియంలో టీ కొట్టు నడిపినావిడది వచ్చింది. ఆవిడ అందంగా, గుండ్రంగా రాసింది.

"నా కొట్టు స్టాండు కింది దారిలో, నది వైపు చివరనున్న గేటుకి లోపలి పక్కన. వలస ఎప్పుడూ నా దగ్గర మొదలై అటు వెళ్ళిపోయేది. రెండు నిమిషాల్లో ఖాళీ. తప్పిపోయినవాళ్ళు, ఎవరికోసమైనా చూసేవాళ్ళు నా దగ్గరే నిలబడేవాళ్ళు. ఆ రోజు జనం అటు నుంచి ఇటు వచ్చారు. ఆ గేటు దారి లోపలికే తెరుచుకుంటుంది. గేటు మనిషి తెరిచేలోపే జనం దాని మీద పడ్డారు. ఇంక అది తెరుచుకోలేదు. వెనకవాళ్ళకి ఆ సంగతి తెలియదు. పాడుతూనే ఉన్నారు. నేను బల్ల కింద దూరబట్టి బతికాను. పోయినవాళ్ళందరూ నా కొట్టు చుట్టూతానే పోయారు."

ఈ ఉత్తరం ఆమె పైకి చదవలేదు.

"ఏమే, ఆగిపోయావు?" అంది అమ్మ.

"రాత అర్థం కావట్లేదు."

"అల్లుడిది చదవవే. అది వినాలనుంది."

"ఇంకా టైపు చెయ్యలేదమ్మా."

లేచి వెళ్ళి బీరువా తెరిచి, చీరల కింది నుంచి కాగితం తీసి నిలబడే చదివింది. "మేమిద్దరం అందరితోపాటు నది వైపు నుంచి సబ్బు వైపు నడుస్తున్నాం. టీ కొట్టు దాటేశాం. కుడిపక్క గోడ చెమ్మగా ఉంది." ఆ దస్తూరీలో ఒక్క కొట్టివేత లేదు. తప్పు చెప్పే సాక్షి ఎప్పుడూ తడబడతాడని జనం అనుకుంటారు. తడబడనివాళ్ళని ఆమె ముప్ఫై ఏళ్ళలో చాలామందిని చూసింది.

అయినా మనసు ఒప్పుకోలేదు. అంత దెబ్బ తగిలినవాడికి తూర్పేదో పడమరేదో గుర్తుంటుందా అని తనే అతని తరపున వాదించుకుంది. మిగిలిన ఉత్తరాల్లో ఆ శనివారం ప్రస్తావన ఉన్నవన్నీ ఏరి పక్కన పెట్టింది. అతనిది కాక పద్దెనిమిది. చదవడం పూర్తయ్యేసరికి అతని తరపున వాదించడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

శనివారం మధ్యాహ్నం అతని దుకాణానికి వెళ్ళింది. ఇంట్లో మాట్లాడటానికి లేదు. చూపు పోయాక అమ్మ చెవులు పాముచెవులయ్యాయి.

దుకాణం పొడుగాటి ఇరుకు గది. కాలిపోయిన మోటార్లు గోడవార పొట్టలు విప్పుకుని పడి ఉన్నాయి. వార్నిష్ వాసన గొంతులో దిగుతుంది. అతను కిటికీ దగ్గర కూర్చుని చేతిమర తిప్పుతూ రాగితీగ చుడుతున్నాడు, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటూ. నీళ్ళ పంపు మోటారు. ఎవరో సాయంత్రానికల్లా కావాలన్నారట. ఆమెను చూసి కనుబొమలు ఎగరేశాడు, ఉండు అన్నట్టు.

ఆమె ఆగలేదు. "ఆ రోజు టాస్ ఎవరు గెలిచారు?"

"నూట పదిహేడు. ఏ టాస్? నూట పద్దెనిమిది."

"తమ్ముడు పోయిన రోజు."

"ఎవరు గెలిస్తే ఏముంది? మనవాళ్ళు మొదట నది వైపే ఆడతారుగా ఎప్పుడూ."

"ఆ రోజు కాదట."

మర ఆగింది. అతను దానివంకే చూస్తున్నాడు.

"ఆ రోజు గురించి పంతొమ్మిది మంది రాశారు" అంది ఆమె. "పద్దెనిమిది మంది సబ్బు వైపు నుంచి నది వైపు నడిచారు. మీరొక్కరే ఎదురు నడిచారు."

"ముప్ఫై నాలుగేళ్ళయిందే. ఎటు నుంచి ఎటో ఎవడికి గుర్తుంటుంది?"

"పోనీ, ఇది చెప్పండి. మొదటి సగంలో మనవాళ్ళు గోలు వేశారా లేదా?"

అతను వేలితో తీగ బిగువు చూశాడు.

"రెండు వేశారట. అందరూ అదే రాశారు. రెండు గోల్సు వేసి, గెలిచేశామని ఊరంతా గంతులేస్తుంటే, మా తమ్ముడు 'మనమే గెలుస్తాం కదన్నా' అని మిమ్మల్ని అడిగాడా?"

అతను తీగ కొసని మేకుకి చుట్టి, రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. బయట ఎవరో వచ్చి "అన్నా, మోటారు?" అంటే "సాయంత్రం రా" అన్నాడు మామూలు గొంతుతోనే.

"గడియారాల కొట్టులో ఒక అమ్మాయి పనిచేసేది" అన్నాడు చివరికి. "ఆ మధ్యాహ్నం తనకి సెలవు. వాణ్ణి గేటు దాకా దింపి, నువ్వు లోపలికెళ్ళు, నేను హాఫ్‌టైమ్‌కి వచ్చేస్తాను అన్నాను. పార్కులో కూర్చున్నాం. వాన మొదలైంది. గొడుగు లేదు. తగ్గాక వెళుదువుగానిలే అంది. తగ్గేసరికి అంబులెన్సులు పోతున్నాయి."

"హాఫ్‌టైమ్‌కి ఎక్కడికి వస్తానన్నారు?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కడికి?"

"టీ కొట్టు దగ్గరికి" అన్నాడు. "నేనొచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకు అన్నాను. ఎవరైనా అక్కడే కదే కలుసుకునేది? జనం అటు పోతారు, అది ఖాళీగా ఉంటుంది. అంతకంటే భద్రమైన చోటు లేదక్కడ. వైపు మారుతుందని నాకేం తెలుసు? నేను లోపలికెళ్ళుంటే కదా తెలిసేది?"

ఆమె పక్కనే బోర్లించి ఉన్న మోటారు డొల్ల మీద కూర్చుంది. గడియారాల కొట్టు పిల్ల గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు ఆమెకి. ఆ పిల్ల ఎక్కడో ముసలిదై ఉంటుంది. ఆమెకు కనిపిస్తున్నది తమ్ముడే. కొట్టు పక్కనే స్టాండులోకి మెట్లున్నాయి. టీ కొట్టావిడ అదీ రాసింది, ముందే పైకెక్కిన ఇద్దరు ముగ్గురు బతికారని. వాడు మెట్లెక్కి ఉండడు. వాడంతే, ఉండమంటే ఉండేవాడు. పాట వినిపిస్తుంటే జనంలోకి మెడ చాచి, ఒక మొహం కోసం వెతుకుతూ నిలబడి ఉంటాడు.

"మీ అమ్మ అలా చొక్కా పట్టుకుని అడిగితే నేనేం చెప్పను?" అన్నాడతను. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వైతే ఏం చెప్పేదానివి, చెప్పు?"

ఆ ఒక్క మాట వరకు తను కూడా అదే చెప్పేదేమో. కానీ బూటు? చెమ్మ? చివరి మాట? అవి ఎవరూ అడగలేదు.

అతను ముక్కు తుడుచుకుని ఆమె దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. నా పేజీ ఇంకా ఇవ్వలేదు కదా నువ్వు? టైపు చేసేటప్పుడు రెండు మాటలు మార్చెయ్యి. నది అన్నచోట సబ్బు, సబ్బు అన్నచోట నది. ఆ చివరి మాట తీసెయ్యి. సరిపోతుంది. ఎవరికీ అనుమానం రాదు. నా కోసం కాదు, అమ్మ కోసం."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను తప్పు చేస్తున్నట్టు లేడు. ఎక్కడో తీగ తెగితే అతుకు వేస్తున్నట్టే ఉన్నాడు.

"లెక్క పోయినట్టుంది, మొదట్నుంచి చుట్టుకోండి" అని లేచింది.

ఇంటికి వెళ్ళి డబ్బాలు రెండూ సంచిలో వేసుకుని సంఘం గదికి నడిచింది. సైకిళ్ళ కొట్టు మీద చిన్న గది. మెట్లకి కమ్మీ లేదు. గోడల నిండా పాత జట్ల ఫోటోలు, ఒక మూల విరిగిన బెంచీ. స్టేడియంలోంచి జ్ఞాపకంగా మోసుకొచ్చారు, మేకులతో సహా. డ్రైవరుగారు ఒక్కడే కూర్చుని కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఫోటోల వెనక ఏవో రాసుకుంటున్నాడు.

"అప్పుడే అయిపోయాయా? నువ్వు మనిషివా, మరవా చెల్లెమ్మా?" అని డబ్బా మూత తీసి చూశాడు. "బావగారిది?"

"ఆయన ఆ రోజు అక్కడ లేరు అన్నయ్యగారూ."

ఇంత మాట అన్నాక అవతలి మనిషి ఉలిక్కిపడతాడేమోనని ఆమె చూసింది. అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఏడాది నుంచీ. గేటు దగ్గర నిలబడి 'నది వైపు నుంచి నడుస్తున్నాం' అనగానే మేం నలుగురం మొహాలు చూసుకున్నాం. అక్కడున్న ఏ ఒక్కడూ అలా అనడు. ఆ టాస్ మేం చచ్చేదాకా మర్చిపోం. సెలూన్‌వాడు నోరు తెరవబోతే కాలు తొక్కింది నేనే. మీ అమ్మగారు ముందు కుర్చీలో కూర్చుని ఆయన్నే చూస్తున్నారు. ఆవిడ మొహం చూశాక ఎవడు చెబుతాడు?"

"అయితే అందరికీ తెలుసన్నమాట."

"అందరికీ కాదు. అక్కడున్నవాళ్ళకి."

అక్కడున్నవాళ్ళంటే ఎంతమందో ఆమె లెక్క వెయ్యలేదు. ఏటా భర్త పక్కన, ఇస్త్రీ చీరలో, గడ్డం కాస్త ఎత్తి నిలబడే తన మొహం గుర్తొచ్చింది. "నన్ను కూడా చూసే ఉంటారు కదా" అంది.

"చూశాం."

కింద సైకిలు కొట్లో ఎవరో చక్రం తిప్పి వదిలారు. అది గిరగిరా తిరిగి ఆగాక ఆమె అడిగింది.

"మీరు ఆ దారిలో ఉన్నారు కదా. వాడి పక్కన ఎవరున్నారు?"

"తెలియదమ్మా. దీపాలు ఆరిపోయాయి. నేను గేటుకి పదడుగుల దూరంలో ఇరుక్కున్నాను. ఎవరి కాలు ఎక్కడుందో, ఎవరి చెయ్యి ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలియదు. నా చేతిలో కూడా ఒక చెయ్యి ఉంది. కాసేపు గట్టిగా పట్టుకుంది. తర్వాత పట్టుకోలేదు. ఎవరిదో ఇప్పటికీ తెలియదు." కళ్ళజోడు పెట్టుకుని ఆమె వంక చూశాడు. "మీ తమ్ముడిదే అనమంటే అంటాను చెల్లెమ్మా. ఎవరి ముందైనా అంటాను. అయినా కావచ్చు కదా."

అడిగితే చాలు, ఆ చెయ్యి తమ్ముడిదైపోతుంది. ఇంకో ముప్ఫై ఏళ్ళు దాన్ని పట్టుకుని బతకవచ్చు. ఒక్క క్షణం ఆమెకి ఎంత ఆశ పుట్టిందంటే, కుర్చీ అంచు పట్టుకోవాల్సి వచ్చింది.

"వద్దు" అంది. "ఒక కాగితం తీసుకోండి. వాడి పేజీ నేను చెబుతాను."

అతను కాగితం తీసుకున్నాడు.

"మా తమ్ముడు. పంతొమ్మిదేళ్ళు. టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. మా ఆయన వస్తానంటే ఆయన కోసం చూస్తున్నాడు. ఆయన రాలేదు. చివర్లో వాడి పక్కన ఎవరున్నారో మాకు తెలియదు. తెలిసినవాళ్ళుంటే చెప్పండి."

కలం మధ్యలోనే ఆగిపోయింది. "మీ ఆయన కోసం అని రాయాలా అమ్మా? ఎవరికోసమో అంటే సరిపోదూ? బావగారు ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగాలి కదా."

"ఇన్నాళ్ళూ మీరంతా తల దించుకుంటే ఆయన ఎత్తుకు తిరిగారు. రాయండి."

"పెద్దావిడకి తెలిస్తే?"

"పుస్తకం వచ్చాక అమ్మకి చదివి వినిపించేది నేనే. ఆ పేజీ వచ్చినప్పుడు ఆయన రాసిచ్చింది చదువుతాను. నది, సబ్బు, చెమ్మ, చెయ్యి అన్నీ చదువుతాను. ఒక్క మాట పోనివ్వను." కలం ఆగినచోట కాగితం మీద వేలు పెట్టింది. "మీరు మటుకు నేను చెప్పింది చెప్పినట్టు రాయండి."

అతను రాయబోయాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. 'ఆయన రాలేదు' అన్నచోటికి వచ్చేసరికి కలం ముందుకి సాగలేదు. ఆమె చెయ్యి చాచి కాగితం తనవైపు లాక్కుంది. కలం తీసుకుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, కోర్టులో నకలు దించినట్టే, వాక్యం మొదటినుంచి రాయడం మొదలుపెట్టింది.